'పుట్ ఆఫ్' అన్న క్రియను సందర్భాన్ని బట్టి గుర్తించడం, వాడడం ఎలా?

ఇంగ్లీషులో 'పుట్' అంటే పెట్టడమనీ, 'ఆఫ్' అంటే దూరంగా జరగడమో ఆగిపోవడమో అనీ తెలిసినవారు కూడా ఆ రెండూ పక్కపక్కన కనిపించగానే ఒక్క క్షణం తడబడతారు. పోటీ పరీక్షల గైడ్లలో ఉండే ఫ్రేజల్ వెర్బ్‌ల (క్రియకు 'ఆఫ్', 'ఆన్' వంటి చిన్న మాట చేరి వేరే అర్థం ఇచ్చే పదబంధాల) పట్టికలు 'పుట్ ఆఫ్ అంటే పోస్ట్‌పోన్, అనగా వాయిదా వేయడం' అని ఒక్క ముక్కలో తేల్చేస్తాయి. ఆ అర్థం తప్పు కాదు గానీ, దానినే పట్టుకుని ముందుకు వెళితే "ద స్మెల్ పుట్ మీ ఆఫ్" అన్న వాక్యం ఎదురైనప్పుడు 'ఆ వాసన నన్ను వాయిదా వేసింది' అని చదువుకోవలసి వస్తుంది. పాట పాడుతున్న అమ్మాయి ఎదురుగా నవ్వుతున్న తమ్ముడితో "స్టాప్ ఇట్, యు ఆర్ పుటింగ్ మీ ఆఫ్" అంటే ఆ పట్టిక అసలే అక్కరకు రాదు.

ఈ క్రియకున్న అర్థాలన్నీ ఒకే భావం నుంచి పుట్టాయి. దేనినో లేదా ఎవరినో ఉన్నచోటి నుంచి అవతలకు నెట్టిపెట్టడమే ఆ భావం. నెట్టినది ఒక పని అయితే అది తర్వాతి కాలానికి జరుగుతుంది, అంటే వాయిదా పడుతుంది. నెట్టినది ఒక మనిషిని అయితే అతని మనసు ఆ విషయం నుంచి పక్కకు తప్పుకుంటుంది, అంటే ఇష్టం పోవడమో, ధైర్యం సడలడమో, ఏకాగ్రత చెదరడమో జరుగుతుంది. కాబట్టి వాక్యంలో 'పుట్ ఆఫ్' కనిపించగానే దాని అర్థం కోసం నిఘంటువు తెరవడానికి ముందు, దాని కర్మ (ఆ క్రియ ఎవరి మీద లేదా దేని మీద జరుగుతోందో అది) ఏది అన్న ప్రశ్న వేసుకోవాలి. కర్మ పనా, మనిషా అన్నది తేలితే చిక్కు చాలావరకు విడిపోతుంది. మిగిలిన కొద్దిపాటి సందిగ్ధాన్ని చుట్టూ ఉన్న మాటలు తీరుస్తాయి.

కర్మ పని అయినప్పుడు

పరీక్ష, సమావేశం, పెళ్ళి, ప్రయాణం, ఎన్నిక, నిర్ణయం, దంతవైద్యుడి దగ్గరికి వెళ్ళడం వంటివి కర్మగా వస్తే అర్థం వాయిదాయే. 2020 మే 3న జరగవలసిన నీట్ పరీక్షను కరోనా కారణంగా మొదట జూలై 26కు, ఆ తర్వాత సెప్టెంబరు 13కు మార్చిన సంగతి ఆ ఏడాది రాసిన విద్యార్థులు మరిచిపోయి ఉండరు. దానిని "నీట్ వాజ్ పుట్ ఆఫ్ ట్వైస్" అని చెప్పవచ్చు. బ్రిటన్ రాజు ఏడవ ఎడ్వర్డ్ పట్టాభిషేకం 1902 జూన్ 26న జరగవలసి ఉండగా, రెండు రోజుల ముందు ఆయనకు కడుపులో శస్త్రచికిత్స చేయవలసి రావడంతో అది ఆగస్టు 9న జరిగింది. "ద కారొనేషన్ వాజ్ పుట్ ఆఫ్ అంటిల్ ఆగస్ట్" అన్నది దీనికి సరిపోయే వాక్యం.

ఈ రెండవ వాక్యంలోని 'అంటిల్' అన్న మాటను ప్రత్యేకంగా గమనించాలి. తెలుగులో 'ఆగస్టుకు వాయిదా వేశారు', 'సోమవారానికి వాయిదా పడింది' అని 'కి', 'కు' విభక్తులతో చెబుతాము కనుక, ఇంగ్లీషులో రాసేటప్పుడు చాలామంది చేతికి 'ఫర్' వచ్చేస్తుంది. "పుట్ ఆఫ్ ఫర్ మండే" అనకూడదు. కొత్త తేదీని చెప్పడానికి 'అంటిల్' లేదా 'టిల్' వాడాలి, 'టు' కూడా చెల్లుతుంది. 'ఫర్' అన్నది ఎంతకాలం పాటు అని చెప్పడానికి పనికి వస్తుంది: "పుట్ ఆఫ్ ఫర్ ఎ వీక్" అంటే వారం పాటు వాయిదా. ముందు అనుకున్న తేదీ నుంచి ఎంత జరిగిందో లెక్క చెప్పాలంటే 'బై' వస్తుంది: "పుట్ ఆఫ్ బై టూ డేస్". ఇదే 'బై' మనిషి విషయంలో పూర్తిగా వేరే పని చేస్తుంది, ఆ సంగతి తర్వాత వస్తుంది.

రెండవ జాగ్రత్త క్రియ తర్వాత మరో క్రియ వచ్చినప్పుడు తీసుకోవాలి. "ఐ పుట్ ఆఫ్ టు గో" అనడం తప్పు, "ఐ పుట్ ఆఫ్ గోయింగ్" అనాలి. ఇక్కడ మన భాష మనకు సాయం చేస్తుంది. తెలుగులో 'వెళ్ళడం వాయిదా వేశాను' అంటామే తప్ప 'వెళ్ళడానికి వాయిదా వేశాను' అనము. ఆ 'అడం' ఉన్న చోటల్లా ఇంగ్లీషులో 'ఇంగ్' పెట్టుకుంటే చాలు. 'డాక్టరుకు చూపించుకోవడం', 'ఇల్లు మారడం', 'అతనికి చెప్పడం' వంటి మాటలన్నీ ఈ దారిలోనే "పుట్ ఆఫ్ సీయింగ్ ద డాక్టర్", "పుట్ ఆఫ్ మూవింగ్", "పుట్ ఆఫ్ టెలింగ్ హిమ్" అవుతాయి.

'వాయిదా వేయడం' అన్న తెలుగు మాటలో మంచిచెడ్డల ఊసు లేదు. న్యాయస్థానం కేసును వాయిదా వేసినా, మనిషి తన పని తాను వాయిదా వేసుకున్నా మాట ఒకటే. 'పుట్ ఆఫ్' మాత్రం, ముఖ్యంగా ఒక మనిషి తన సొంత పని గురించి వాడినప్పుడు, చేయాలని లేక తప్పించుకుంటున్నాడన్న అర్థాన్ని వెంట తెచ్చుకుంటుంది. "ఐ కెప్ట్ పుటింగ్ ఇట్ ఆఫ్" అన్న వాక్యంలో 'రేపు చూద్దాంలే, రేపు చూద్దాంలే అనుకుంటూ రోజులు గడిపేశాను' అన్న తెలుగంతా ఉంది. "ఐ కాంట్ పుట్ ఇట్ ఆఫ్ ఎనీ లాంగర్" అంటే ఇక తప్పదు అని. ఈ సంగతి తెలియక, ఆఫీసులో పైఅధికారికి "ఐ హావ్ పుట్ ఆఫ్ ద రిపోర్ట్" అని రాస్తే, వేరే ముఖ్యమైన పని అడ్డొచ్చిందన్న భావం కన్నా, బద్ధకించానన్న భావమే ముందుగా అందవచ్చు. అటువంటి చోట 'పోస్ట్‌పోన్' లేదా 'రీషెడ్యూల్' వాడడం మర్యాద. ప్రకటనల్లో, అధికారిక లేఖల్లో కూడా ఆ మాటలే నప్పుతాయి. న్యాయస్థానాల భాషలో 'అడ్జర్న్' అన్న మాట స్థిరపడి ఉంది.

'డిలే' అన్న మాటతో కూడా దీనిని కలపకూడదు. రైలు రెండు గంటలు ఆలస్యంగా వస్తుంటే అది 'డిలే' అయినట్టే గానీ 'పుట్ ఆఫ్' అయినట్టు కాదు. 'పుట్ ఆఫ్' వెనుక ఎవరో ఒకరి నిర్ణయం ఉండాలి. వాన వల్ల మ్యాచ్ అరగంట ఆలస్యంగా మొదలైతే 'డిలే', నిర్వాహకులు కూర్చుని మరుసటి రోజుకు మారిస్తే 'పుట్ ఆఫ్', ఇక ఆ మ్యాచే లేదంటే 'కాల్ ఆఫ్'.

ఈ చివరి మాటకూ 'పుట్ ఆఫ్'కూ ఉన్న తేడా ప్రశ్నపత్రాల్లో తరచుగా కనిపిస్తుంది. దానిని మనసులో నిలుపుకోవడానికి టోక్యో ఒలింపిక్స్‌ను మించిన ఉదాహరణ దొరకదు. 1940లో టోక్యోలో జరగవలసిన క్రీడలను జపాన్ 1938లోనే వదులుకోగా వాటిని హెల్సింకికి మార్చారు, చివరకు యుద్ధం వల్ల అక్కడా జరగలేదు, అంటే అవి 'కాల్డ్ ఆఫ్' అయ్యాయి. 2020 జూలై 24న అదే నగరంలో మొదలు కావలసిన క్రీడలు మాత్రం 2021 జూలై 23న మొదలయ్యాయి, అంటే అవి 'పుట్ ఆఫ్' అయ్యాయి. మన దగ్గర 2020లో పదవ తరగతి పరీక్షలకు ఈ రెండూ ఒకదాని తర్వాత ఒకటి జరిగాయి. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ వాటిని మార్చిలో వాయిదా వేసి, జూన్‌లో పూర్తిగా రద్దు చేశారు. "దే వర్ పుట్ ఆఫ్ ఇన్ మార్చ్ అండ్ కాల్డ్ ఆఫ్ ఇన్ జూన్" అన్న ఒక్క వాక్యం రెండు క్రియల మధ్య గీతను స్పష్టంగా గీస్తుంది.

మాటల వరుస

'పుట్', 'ఆఫ్' రెండూ విడివడగలవు. కర్మ నామవాచకమైతే "పుట్ ఆఫ్ ద మీటింగ్" అన్నా, "పుట్ ద మీటింగ్ ఆఫ్" అన్నా సమ్మతమే. కర్మ స్థానంలో 'ఇట్', 'దెమ్', 'హిమ్', 'మీ' వంటి సర్వనామం ఉంటే మాత్రం అది మధ్యలోనే ఉండాలి, "పుట్ ఆఫ్ ఇట్" అనడం చెల్లదు. ఇందులో వెసులుబాటు లేదు. కర్మ చాలా పొడవైనదైతే, ఉదాహరణకు 'పోయిన నెలలో అనుకున్న వార్షిక సర్వసభ్య సమావేశం' వంటిదైతే, దానిని మధ్యలో ఇరికించి 'ఆఫ్'ను వాక్యం చివర వేలాడదీయకుండా, 'పుట్ ఆఫ్'ను కలిపి ఉంచడమే చదివేవారికి సుఖం.

మనిషి కర్మ అయినప్పుడు ఈ స్వేచ్ఛ ఆచరణలో తగ్గిపోతుంది. "ద ప్రైస్ పుట్ మెనీ బయర్స్ ఆఫ్" అన్నట్టుగా, మనిషిని మధ్యలో ఉంచడమే ఎక్కువగా వినిపిస్తుంది. 'ఆఫ్'ను నొక్కి పలకడం కూడా గుర్తుంచుకోవాలి. "పుట్ ఇట్ ఆఫ్" అన్నప్పుడు బలం చివరి మాట మీద పడాలి, 'పుట్' మీద కాదు. అన్నట్టు, ఆ 'పుట్'ను 'పట్' అని పలికితే గోల్ఫ్ ఆటలో బంతిని గుంటలోకి మెల్లగా కొట్టడమన్న వేరే క్రియ అవుతుంది.

'పుట్'కు భూతకాలంలోనూ రూపం మారదు. అందువల్ల "హి పుట్ ఆఫ్ ద ట్రిప్" అన్నది గతానికి సంబంధించిన వాక్యమని తెలుసుకోవడానికి 'పుట్స్' అని 'ఎస్' లేకపోవడమే ఆధారం. పత్రికల శీర్షికల్లో ఇది ఇంకా కొంచెం తికమక పెడుతుంది. "పోల్స్ పుట్ ఆఫ్" అని శీర్షిక ఉంటే, ఎన్నికలు దేనినో వాయిదా వేశాయని కాదు, 'వర్' అన్న మాటను చోటు కోసం తీసేశారని అర్థం. "కోర్ట్ పుట్స్ ఆఫ్ హియరింగ్" అని ఉంటే, వర్తమానకాలంలో రాసినా అది జరిగిపోయిన సంగతే.

కర్మ మనిషి అయినప్పుడు

ఇక్కడ మూడు అర్థాలు పక్కపక్కనే ఉంటాయి. వాటిని విడదీయడానికి, ఆ మనిషి అప్పటికి ఏ స్థితిలో ఉన్నాడో చూడాలి.

అతను ఏదైనా కొనాలనో, తినాలనో, చేరాలనో అనుకుంటున్న స్థితిలో ఉంటే, 'పుట్ ఆఫ్' అంటే ఆ కోరికను చంపేయడం. "ద స్మెల్ పుట్ మీ ఆఫ్ మై ఫుడ్" అంటే ఆ వాసనకు అన్నం సహించలేదని. "దట్ ఫ్లైట్ పుట్ హర్ ఆఫ్ ఫ్లయింగ్" అంటే ఆ ఒక్క ప్రయాణంతో ఆమెకు విమానం ఎక్కాలన్న ఆశే పోయిందని. దేని మీద మనసు విరిగిందో ఆ విషయం 'ఆఫ్' తర్వాత నేరుగా వస్తుంది, మధ్యలో 'ఫ్రమ్' అక్కరలేదు. దేని వల్ల విరిగిందో చెప్పవలసి వస్తే, కర్మణి ప్రయోగంలో 'బై' వస్తుంది: "ఐ వాజ్ పుట్ ఆఫ్ బై హిజ్ టోన్", అంటే అతని మాటతీరు చూసి నాకు మనసు రాలేదని. 'బై' తర్వాత రోజులో వారాలో ఉంటే వాయిదా లెక్క అనీ, వాసనో ధరో ప్రవర్తనో ఉంటే విముఖతకు కారణమనీ గ్రహించాలి.

దీనికే వ్యతిరేక వాక్యరూపం ఇంగ్లీషులో ధైర్యం చెప్పడానికి ఎంతో వాడుకలో ఉంది. "డోంట్ బి పుట్ ఆఫ్ బై ద స్పెలింగ్" అంటే, స్పెలింగ్ చూసి జంకకండి అని. "డోంట్ లెట్ ద ప్రైస్ పుట్ యు ఆఫ్" అంటే, ధర చూసి వెనక్కి తగ్గకండి అని. వస్తువుల సమీక్షల్లో, ప్రయాణ సలహాల్లో ఈ రెండు రూపాలూ మాటిమాటికీ ఎదురవుతాయి. ఇందులోంచే మాటల వరుస తిరగబడి 'ఆఫ్‌పుటింగ్' అన్న విశేషణం పుట్టింది. 'చూడగానే దూరం జరగాలనిపించేది' అని దాని అర్థం. ఒక మనిషి నడవడిక గురించి ఈ మాట వాడితే అది సౌమ్యంగా చేసిన విమర్శే గానీ తిట్టు కాదు.

ఆ మనిషి అప్పటికే ఏదో పనిలో నిమగ్నమై ఉంటే, పాడుతూనో, బంతి వేయబోతూనో, లెక్క చేస్తూనో ఉంటే, 'పుట్ ఆఫ్' అంటే ఏకాగ్రత చెదరగొట్టడం. మొదట్లో చెప్పిన పాట పాడే అమ్మాయి వాక్యం ఇదే. ఇది చాలాసార్లు 'పుటింగ్' రూపంలో, జరుగుతున్న క్షణాన్ని ఉద్దేశించి వస్తుంది. అమెరికా వారు ఇదే సందర్భంలో 'త్రో ఆఫ్' అనడం ఎక్కువ. "యు ఆర్ త్రోయింగ్ మీ ఆఫ్" అని సినిమాల్లో వినిపిస్తే అది దీనికి దగ్గరి చుట్టమే.

మూడవ సందర్భంలో ఆ మనిషి మన నుంచి ఏదో ఆశిస్తూ ఉంటాడు. డబ్బు రావలసినవాడు కావచ్చు, జవాబు కావలసినవాడు కావచ్చు, ఇంటికి వస్తానన్న అతిథి కావచ్చు. అతనికి సాకు చెప్పి ఆపడమూ 'పుట్ ఆఫ్' కిందికే వస్తుంది. "హి కీప్స్ పుటింగ్ మీ ఆఫ్" అన్నదానిని 'నన్ను వాయిదా వేస్తున్నాడు' అని తెలుగు చేస్తే నవ్వు వస్తుంది గానీ, 'రేపు, మాపు అంటూ తిప్పుతున్నాడు' అంటే అతికినట్టు సరిపోతుంది. ఆ తెలుగు వాక్యంలోనూ తిరిగేది మనిషే కదా. అన్నిసార్లూ ఇందులో కపటం ఉండాలని లేదు. ఇంట్లో ఎవరికో జ్వరం వచ్చి, వస్తామన్న చుట్టాలను ఆదివారం దాకా ఆగమని చెప్పినా "వి పుట్ దెమ్ ఆఫ్ అంటిల్ సండే" అనే అంటారు. కర్మ మనిషే అయినా వెంట 'అంటిల్', తేదీ ఉన్నాయి కనుక ఇది వాయిదా వైపుకు మొగ్గింది.

బస్సు కండక్టరు టికెట్టు లేనివాడిని దింపేసినా "పుట్ హిమ్ ఆఫ్ ద బస్" అనడం బ్రిటన్‌లో ఉంది. అక్కడ మాత్రం నెట్టడం అచ్చంగా నెట్టడమే.

వాడకూడని చోట్లు, పాతబడిన చోట్లు

మన దేశంలో 'పుట్ ఆఫ్ ద లైట్' అని వినిపిస్తూ ఉంటుంది. ఇది ఒకప్పటి ఇంగ్లీషులో ఉన్నదే గానీ, ఇప్పుడు 'టర్న్ ఆఫ్' లేదా 'స్విచ్ ఆఫ్' అనడమే వాడుక. బట్టలు, చెప్పులు విప్పడానికి కూడా పూర్వం ఇదే క్రియ వాడేవారు. 1611 నాటి కింగ్ జేమ్స్ బైబిలులో, మండే పొద దగ్గర మోషేను చెప్పులు విడవమని చెప్పే చోట "పుట్ ఆఫ్ దై షూస్" అనే ఉంటుంది. చర్చిలో ఆ పాఠం విని పెరిగినవారికి అది సహజంగా తోచవచ్చు గానీ, నేడు చెప్పులకు 'టేక్ ఆఫ్' వాడాలి. 'పుట్ ఆన్'కు వ్యతిరేకం 'పుట్ ఆఫ్' అన్న ఊహ పిల్లలకు తేలికగా కలుగుతుంది కనుక, ఉపాధ్యాయులు దీనిని ముందుగానే చెప్పి ఉంచడం మంచిది.

వాయిదాకు వ్యతిరేకంగా, ముందుకు జరపడాన్ని మనవారు 'ప్రీపోన్' అంటారు. అది తెలివైన మాటే, ఆక్స్‌ఫర్డ్ నిఘంటువులోకి కూడా ఎక్కింది. అయినా భారత ఉపఖండం బయట అందరికీ అర్థం కాదు కనుక, విదేశాల వారికి రాసేటప్పుడు 'బ్రింగ్ ఫార్వర్డ్' అనడం క్షేమం. 'పుట్ అవుట్', 'పుట్ అప్ విత్', 'పుట్ బ్యాక్' వంటి మిగిలిన పొత్తులను ఇదే రోజున కలిపి బట్టీ పట్టకపోవడమే మేలని నా అభిప్రాయం. ఒక దానిని పది వాక్యాల్లో వాడి చూసిన తర్వాత రెండవ దాని జోలికి వెళ్ళాలి.

సాధన కోసం, ఒక చిన్న సంభాషణను తీసుకోవచ్చు. హైదరాబాదులో ఉంటున్న అక్కకు డాలస్ నుంచి తమ్ముడు ఇంగ్లీషులో ఇలా రాశాడనుకుందాం: "వి పుట్ ఆఫ్ బయింగ్ ద హౌస్. ద ఏజెంట్ కెప్ట్ పుటింగ్ అజ్ ఆఫ్, అండ్ ఫ్రాంక్లీ ద బేస్‌మెంట్ పుట్ అజ్ ఆఫ్." మూడుసార్లు వచ్చిన ఒకే క్రియకు ఇక్కడ మూడు తెలుగులు కావాలి. మొదటి దానికి కర్మ 'కొనడం' అన్న పని, కాబట్టి అది వాయిదా. రెండవ దానిలో కర్మ 'మేము', వెంట 'కెప్ట్' ఉంది, ఎదుట ఏజెంటు ఉన్నాడు, కాబట్టి అది తిప్పించుకోవడం. మూడవ దానిలోనూ కర్మ 'మేము'నే గానీ, కర్త ఒక నేలమాళిగ. నేలమాళిగ సాకులు చెప్పలేదు కనుక, అది మనసు విరిగేలా చేసిందన్నమాట. 'ఇల్లు కొనడం ప్రస్తుతానికి వాయిదా వేశాము. ఆ ఏజెంటు రేపు, మాపు అంటూ తిప్పాడు. నిజం చెప్పాలంటే, ఆ నేలమాళిగను చూశాక మాకే మనసొప్పలేదు' అని అక్క దానిని అమ్మకు చదివి వినిపించవచ్చు.

ఇదే పనిని తిరగేసి, తెలుగు నుంచి ఇంగ్లీషుకు కూడా చేసి చూడాలి. 'పళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళడం నెలల తరబడి వాయిదా వేస్తూ వచ్చాను', 'సిలబస్ చూసి భయపడకండి', 'నువ్వలా చూస్తూ ఉంటే నేను టైపు చేయలేను' అన్న మూడు వాక్యాలను ముందు సొంతంగా రాసుకుని, ఆపైన వీటితో పోల్చుకోవచ్చు: "ఐ పుట్ ఆఫ్ గోయింగ్ టు ద డెంటిస్ట్ ఫర్ మంత్స్", "డోంట్ బి పుట్ ఆఫ్ బై ద సిలబస్", "ఐ కాంట్ టైప్ విత్ యు వాచింగ్ మీ లైక్ దట్, యు ఆర్ పుటింగ్ మీ ఆఫ్". మొదటి వాక్యంలోని 'ఫర్ మంత్స్' వ్యవధిని చెబుతోంది కనుక అక్కడ 'అంటిల్'కు చోటు లేదు.